దవడకు కాలి ఎముక

వర్ణోత్పత్తి స్థానములను చెప్పునపుడు వ్యాకరణవేత్తలు ప, ఫ, బ, భ, మలను ఓష్ఠ్యములన్నారు. ఆ పెదవికి ఆధారమైన క్రింది దవడనే క్యాన్సరు కారణంగా కోసి తీసివేయవలసి వచ్చినపుడు మనిషికి మిగిలేదేమి? పాపన్నపేట అన్న ఊరి పేరులోనే మూడు పకారములున్నవి. పెదవులు కలియనివాడు తన ఊరి పేరైనా చెప్పుకొనలేడు. చొంగ నిలువదు, జొన్నరొట్టె నమలలేడు, నలుగురితో కలిసి పంక్తిలో కూర్చుండుటకు మనసొప్పదు. దవడను తిరిగి కట్టే చికిత్సను అందానికి సంబంధించిన ముచ్చటగా తలచడం పొరపాటు.

కారణం కొత్తది కాదు. పొగాకు, జరదా, గుట్కా చెంపకూ చిగురుకూ నడుమ గంటల తరబడి నిలుస్తున్నవి. పొగాకు కలుపకుండ నమిలినా వక్క కూడ నిర్దోషి కాదు. ఉత్తరాంధ్ర తీరంలో చుట్ట నిప్పును నోటిలోనికి పెట్టి కాల్చే అడ్డపొగ వల్ల అంగిటికి పుండు పడుతుంది. అంగిలి తీసివేస్తే తిన్నది ముక్కులోనికి వచ్చును, పలికినదెల్ల అనునాసికమగును. ఆ రంధ్రమును మూయుటకు దంతవైద్యుడు చేసియిచ్చే కృత్రిమ అంగిలి చాలమందికి సరిపోతున్నది.

దవడ సంగతి అంత సులభం కాదు. సుశ్రుతుని కాలముననే తెగిన చెవి తమ్మెకు చెంప మాంసమును, మొదలు తెంపకుండ, అతికేవారు. రక్తము అందుచుండిననే అతుకు బ్రతుకునన్నది అందలి కిటుకు. 1979లో వెలువడిన ఛాతి కండరపు పద్ధతియు అట్టిదే. మాంసమును మెడ మీదుగా నోటికి త్రిప్పుతారు. ఎముక మాత్రం రాదు. ఎముక కావలెనంటే పిక్కలోని సన్నని ఎముకను ఆశ్రయింపవలెను. దేహభారమును మోసేది దాని ప్రక్కనున్న పెద్ద ఎముక గనుక ఇది లేకున్నను నడక సాగును. 1989 నుంచి దీనితో దవడ కట్టడం వ్యాప్తిలోనికి వచ్చినది. ధమని, సిరలతో సహా ఎముకను తీసి, రెండు మూడు చోట్ల కోసి, దవడ వంపునకు మలచి, టైటానియం పలకలతో బిగిస్తారు. రెండు మూడు మిల్లీమీటర్ల రక్తనాళములను సూక్ష్మదర్శిని క్రింద మెడ నాళములకు కుడతారు. మొదటి రెండు మూడు దినములు దాదులు గంటగంటకు అతుకు రంగు చూస్తారు. నీలివర్ణం తిరిగినచో మరల బల్ల ఎక్కించవలసినదే.

మెదకు ప్రాంతపు పేదవారికి పెద్ద దిక్కు హైదరాబాదులో మెహదీ నవాజ్ జంగు పేరిట 1955లో ఏర్పడిన ప్రభుత్వ క్యాన్సరు ఆసుపత్రి. ముఖం చెడునన్న భయంతో జాగు చేసేవారు అక్కడికి చేరేసరికి చిన్న పుండు ఎముకకు పాకియుండును. మూడు వారములైనా మానని పుండునకు తొలినాడే వైద్యం జరిగినచో, పెక్కు సందర్భములలో దవడను ముట్టవలసిన పని ఉండదు.