53 అంటే దారి లేదు, 5 అంటే గుమ్మంలో ఆపారు

మాఘమాసం ముహూర్తాల రోజులు. రాత్రి ఎనిమిదిన్నరకు ప్రింటింగ్ ప్రెస్సు నుంచి ఫోను. "అన్నా, జెడ్ డ్రైవ్ పోయిందన్నా. పొద్దున పదింటికల్లా వెయ్యి పెళ్ళికార్డులు ఇవ్వాలి, ఫైలు అందులోనే ఉంది." అక్కడి డీటీపీ కుర్రాడి గొంతు అది. జెడ్ డ్రైవ్ అంటే ఇంకో కంప్యూటర్లో షేర్ చేసిన ఫోల్డర్. నేను వెళ్ళేసరికి అతను చేయగలిగినవన్నీ చేసేశాడు. తన కంప్యూటర్లో ఫైర్‌వాల్ ఆపాడు. ఫైళ్ళున్న కంప్యూటర్ దగ్గరకెళ్ళి ఫోల్డర్ షేరింగ్‌లో 'ఎవ్రీవన్'కి ఫుల్ కంట్రోల్ ఇచ్చేశాడు. రెండింటినీ నాలుగుసార్లు రీస్టార్ట్ చేశాడు. చేయనిదల్లా ఒకటే, తెర మీదున్న నంబరు చదవలేదు.

ఆ నంబరు 80070035. దాని ముందు సున్నా, ఎక్స్ అని రెండక్షరాలుంటాయి. చూడ్డానికి లాటరీ టికెట్‌లా ఉంటుంది గానీ విప్పితే చాలా చిన్నది. మొదటి నాలుగు అంకెలు, 8007, ఇది విండోస్ సొంత పట్టికలోని తప్పు అని చెప్పడానికే. అసలు సంగతి చివరి 35లో ఉంది. అది పదహారేసి చొప్పున లెక్కించే పద్ధతిలో రాసిన 35. మూడు పదహార్లు నలభై ఎనిమిది, పైన అయిదు, మొత్తం యాభై మూడు. కమాండ్ ప్రాంప్ట్‌లో 'నెట్ యూజ్' కొడితే 'సిస్టమ్ ఎర్రర్ 53' అని వచ్చేదీ ఇదే. రెండు పేర్లతో తిరిగే ఒకే మనిషి అన్నమాట.

53కి అర్థం, నువ్వు చెప్పిన చోటికి దారి దొరకలేదని. అంటే అవతలి కంప్యూటర్ ఇంకా మన పేరు అడగలేదు, పాస్‌వర్డ్ అడగలేదు, పర్మిషన్ చూడలేదు. అలాంటప్పుడు ఎవ్రీవన్‌కి ఫుల్ కంట్రోల్ ఇస్తే ఒరిగేదేముంది? వీధి తెలియని చుట్టానికి ఇంటి తాళాలు పంపినట్టుంటుంది. అదే 80070005 వస్తే, అంటే ఉత్త 5 వస్తే, గుమ్మం దాకా వెళ్ళాం, లోపలికి రానివ్వలేదని. 80070043 వస్తే నాలుగు పదహార్లు అరవై నాలుగు, పైన మూడు, 67. కంప్యూటర్ దొరికింది గానీ ఆ పేరుతో షేర్ చేసిన ఫోల్డర్ అందులో లేదని సాధారణంగా దాని అర్థం. ఎవరో ఫోల్డర్ పేరు మార్చి ఉంటారు, లేదా మనమే పేరులో ఒక అక్షరం తప్పు కొట్టి ఉంటాం.

ప్రెస్సులో ఆ వారమే కొత్త ఇంటర్నెట్ కనెక్షన్ పెట్టించారు, దాంతో రూటర్ మారింది. జెడ్ డ్రైవ్ \\192.168.0.5 అనే చిరునామాకు కట్టి ఉంది. ఫైళ్ళున్న కంప్యూటర్లో 'ఐపీకాన్ఫిగ్' కొట్టి చూస్తే ఇప్పుడు దాని చిరునామా 192.168.1.7. మూడో అంకె సున్నా నుంచి ఒకటికి మారిందంటే వీధే మారిపోయిందన్నమాట. సబ్‌నెట్ మాస్క్ 255.255.255.0 అయితే మొదటి మూడు అంకెలూ కలిసిన కంప్యూటర్లే ఇరుగుపొరుగు, అలాంటివి గరిష్ఠంగా 254 ఉండొచ్చు. అదే చోట 169.254తో మొదలయ్యే చిరునామా కనిపిస్తే ఇక షేరింగ్ జోలికే వెళ్ళకండి. ఆ కంప్యూటర్‌కి రూటర్ నుంచి చిరునామా అందక తనకు తానే ఒకటి పెట్టుకుంది, కేబుల్ చూడండి, రూటర్ చూడండి.

కొత్త చిరునామా కొట్టాం. మళ్ళీ 53.

పింగ్ చేస్తే 'రిక్వెస్ట్ టైమ్డ్ అవుట్'. ఇక్కడే చాలామంది కేబుల్ పీకి మళ్ళీ గుచ్చడం మొదలుపెడతారు. కానీ ఒకే రూటర్ కింద ఉన్న కంప్యూటర్ల మధ్య ఈ మాటకూ 'డెస్టినేషన్ హోస్ట్ అన్‌రీచబుల్' అనే మాటకూ తేడా ఉంది. రెండోది వస్తే ఆ చిరునామాలో పలికే దిక్కే లేదు. మొదటిది వస్తే చాలావరకు మనిషి ఇంట్లోనే ఉన్నాడు, పిలిస్తే పలకడం లేదంతే. పలకనివ్వనిది సాధారణంగా అతని ఫైర్‌వాల్. కొత్త రూటర్ కనబడగానే విండోస్ దాన్ని తెలియని నెట్‌వర్క్‌గా లెక్కేసి 'పబ్లిక్' అని ముద్ర కొడుతుంది. రైల్వే స్టేషన్ వైఫైలో ఉన్నంత జాగ్రత్తగా తలుపులన్నీ మూస్తుంది. ఫైల్ షేరింగ్‌కి విండోస్ 2000 నుంచి వాడే తలుపు నంబరు 445, అంతకుముందు 139. మన కుర్రాడు ఫైర్‌వాల్ ఆపింది తన కంప్యూటర్లో, 445 మూసుకుంది అవతలి కంప్యూటర్లో. అక్కడ నెట్‌వర్క్ సెట్టింగ్స్‌లో పబ్లిక్‌ని ప్రైవేట్ చేసి, ఫైల్ అండ్ ప్రింటర్ షేరింగ్ ఆన్ చేశాం. జెడ్ డ్రైవ్ తెరుచుకుంది. ఇవతల ఆపిన ఫైర్‌వాల్‌ని మళ్ళీ ఆన్ చేయించాను, ఎవ్రీవన్‌కిచ్చిన ఫుల్ కంట్రోల్ తీయించాను.

దారి సరిపోయాక వచ్చే తగాదాలు వేరు. వీటిలో నాకు ఎక్కువగా తగిలేది 1326. యూజర్ పేరో పాస్‌వర్డో తప్పని దాని అర్థం. "రోజూ ఇదే కొట్టి తెరుస్తున్నానండీ" అంటారు. కొట్టేది నాలుగంకెల పిన్. అది ఆ కంప్యూటర్ ముందు కూర్చున్నవాళ్ళకే పనిచేస్తుంది, నెట్‌వర్క్ మీద చెల్లదు, అసలు పాస్‌వర్డే కావాలి. దాని పక్కింటి నంబరు 1327. పాస్‌వర్డే లేని అకౌంట్‌తో వస్తున్నారు, అలాంటివాళ్ళను నెట్‌వర్క్ గుండా రానివ్వనని విండోస్ చెప్పే సందర్భం తరచుగా ఇదే. 1219 ఇంకో రకం చిక్కు. ఒకే కంప్యూటర్‌లోకి ఒకేసారి రెండు యూజర్ పేర్లతో వెళ్ళబోయాం. 'నెట్ యూజ్'తో పాత కనెక్షన్లు తీసేసి, క్రెడెన్షియల్ మేనేజర్‌లో దాచిన పాత పాస్‌వర్డ్ చెరిపేస్తే పోతుంది.

5 వచ్చినప్పుడు మాత్రం పర్మిషన్లు చూడాల్సిందే, అవీ రెండు చోట్ల. షేరింగ్‌లో ఒకటి, సెక్యూరిటీ ట్యాబ్‌లో ఒకటి. రెంటిలో ఏది గట్టిదైతే అదే నెగ్గుతుంది. షేరింగ్‌లో ఫుల్ ఇచ్చి సెక్యూరిటీలో రీడ్ ఉంచితే చదవడం తప్ప ఏమీ చేయలేం. డ్రైవ్ అంతా తెరుచుకుంటుంది, ఒక్క ఫోల్డర్ మాత్రం మొరాయిస్తుంది, అదేం ఖర్మో అంటారు. ఆ ఫోల్డర్‌ని అదే డ్రైవ్‌లో ఇంకో చోటి నుంచి కట్ చేసి తెచ్చి పేస్ట్ చేసి ఉంటారు. కాపీ చేసిన ఫోల్డర్ కొత్త ఇంటి పద్ధతులు నేర్చుకుంటుంది. కట్ చేసి తెచ్చింది పాత ఇంటివి వెంట తెచ్చుకుంటుంది.

నిన్నటిదాకా పనిచేసిన షేరింగ్, మనం ఏమీ ముట్టుకోకుండానే, విండోస్ అప్‌డేట్ తర్వాత ఆగిపోతే దాని వెనుక పెద్ద కథ ఉంటుంది. ఫైళ్ళు పంచుకునే భాష పేరు ఎస్‌ఎంబీ. దాని మొదటి రూపం 1980లలో ఐబీఎంలో పుట్టింది. అందులోని ఒక లోపానికి మైక్రోసాఫ్ట్ 2017 మార్చి 14న మందు విడుదల చేసింది. రెండు నెలలైనా గడవలేదు, మే 12న వన్నాక్రై అనే రాన్సమ్‌వేర్ ఆ లోపం గుండానే, 445 తలుపులోంచే, 150 దేశాలకు పాకింది. ఫైళ్ళకు తాళమేసి 300 డాలర్లు బిట్‌కాయిన్‌లో కట్టమంది. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కూడా కొన్ని దాని బారిన పడ్డాయి. ఆ ఏడాది చివర్లో వచ్చిన విండోస్ 10, 1709 వెర్షన్ నుంచి కొత్తగా వేసే విండోస్‌లో ఎస్‌ఎంబీ మొదటి రూపం దానంతట అది ఉండదు. ఇప్పుడు 384 నంబరు వచ్చిందంటే, అవతలివాడు ఆ పాత భాషే మాట్లాడుతున్నాడని. 1272 వస్తే పేరూ పాస్‌వర్డూ లేకుండా అతిథిలా వెళ్ళబోయామని. విండోస్ 11 ప్రో 24హెచ్2కి మారినవాళ్ళకు ఇది ఎదురవుతోంది. నెట్‌వర్క్‌లో ఫైళ్ళు దాచే పాత నాస్ పెట్టెలో ఒక యూజర్‌నీ పాస్‌వర్డ్‌నీ సృష్టిస్తే చాలాసార్లు తీరిపోతుంది.

384 గురించి మాత్రం నాది కాస్త మొండిపట్టు. తెలుగు ప్రెస్సుల్లో పాత పేజ్‌మేకరూ అను ఫాంట్లూ ఉన్న ఎక్స్‌పీ కంప్యూటర్ ఒకటి మూలన ఇంకా నడుస్తుంటుంది. దానికి వచ్చిన భాష మొదటి ఎస్‌ఎంబీ ఒక్కటే, పైగా మైక్రోసాఫ్ట్ ఎక్స్‌పీని 2014 ఏప్రిల్ 8నే వదిలేసింది. దానితో మాట్లాడటం కోసం కొత్త కంప్యూటర్లలో పాత భాషను తిరిగి ఆన్ చేయించేవాళ్ళున్నారు. నేను చేయను. ఆ ఒక్కదానికీ పెన్‌డ్రైవ్ చాలు.

దారీ, పర్మిషన్లూ బాగున్నా పీడించేవీ ఉన్నాయి. మామూలు విండోస్ కంప్యూటర్‌ని సర్వర్‌లా పెట్టుకున్న ఆఫీసుల్లో ఇరవై కనెక్షన్లు దాటితే తర్వాతివాడు బయటే నిలబడాలి (అప్పుడు 71 వస్తుంది). డ్రైవ్ తెరుచుకున్నా నత్తనడకగా ఉంటే కేబుల్ చూడండి. గిగాబిట్‌కి నాలుగు జతల తీగలూ బాగుండాలి. ఎలుక ఒక తీగ కొరికినా కనెక్షన్ తరచుగా 100 మెగాబిట్లకు దిగి అక్కడే నడుస్తుంది, దానికి రెండు జతలు చాలు. సుమారు నిమిషం ఇరవై సెకన్లలో వెళ్ళాల్సిన 10 జీబీ అప్పుడు పదమూడు నిమిషాలు దాటుతుంది.

ప్రెస్సు నుంచి వచ్చేముందు రూటర్‌లో 192.168.1.7ని ఆ కంప్యూటర్ పేరిటే రిజర్వ్ చేసి, చిరునామా ఒక స్టిక్కర్ మీద రాసి మానిటర్‌కి అంటించాను. రెండురోజుల తర్వాత మళ్ళీ ఫోను.

"అన్నా, జెడ్ డ్రైవ్ మీద ఎర్ర ఇంటూ మార్కు."

"నంబరేమైనా వచ్చిందా?"

"లేదన్నా."

"డబుల్ క్లిక్ చేశావా?"

"చేయలేదు... ఆగన్నా. తెరుచుకుంది!"

పదిహేను నిమిషాలు ఎవరూ కదపకపోతే విండోస్ కనెక్షన్‌ని పక్కన పెట్టేస్తుంది, ముట్టుకోగానే మళ్ళీ కలుపుతుంది. టీకి వెళ్ళొచ్చావా అని అడిగాను. వెళ్ళొచ్చాడట.