చలికి జడిసి గాలిని మూసేయకండి

సంక్రాంతి సెలవులు దగ్గర పడుతున్నాయంటే పట్నవాసులకు ఇంట్లో కాలు నిలవదు. ఈమధ్య నా దగ్గరకు వచ్చే వాళ్లలో కొందరు జబ్బు సంగతి చెప్పడం అయిపోయాక లేవబోతూ మరో మాట అడుగుతున్నారు. "డాక్టరుగారూ, పిల్లలతో వికారాబాదు అడవుల్లో రెండు రాత్రులు గడపాలనుకుంటున్నాం. వాను మాట్లాడుకున్నాం, పడక కూడా అందులోనే. చలికి ఏం మందులు పట్టుకెళ్లమంటారు?"

మందుల సంగతి తరవాత చెప్తాను. ముందు నేనొక ప్రశ్న అడుగుతాను. "రాత్రి చలి వేస్తే ఏం చేస్తారు?" అని. నూటికి తొంభై మంది తడుముకోకుండా జవాబు చెప్తారు. "దానికేముందండీ, తలుపులు, అద్దాలు గట్టిగా బిగించేసుకుంటాం. ఇంజను ఆన్ చేసి హీటరు వేసుకుంటాం. లేదా చిన్న కుంపటి పెట్టుకుంటాం."

ఈ వ్యాసం ఆ జవాబు కోసం రాస్తున్నది.

ఆ డ్రైవరు చెప్పిన మాట

పాతికేళ్ల కిందటి సంగతి. అప్పుడు నేనొక చిన్న ఊరి ప్రభుత్వాసుపత్రిలో కొత్తగా చేరాను. జనవరి నెల, ఇంకా పూర్తిగా తెల్లవారలేదు. ఒక వాను వచ్చి వాకిట్లో ఆగింది. అందులో ఒక కుటుంబం ఉంది. భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు, ఆయన తల్లి. అందరికీ వాంతులు, తలనొప్పి, నిలబడితే కళ్లు తిరగడం. ముసలామెకు స్పృహ లేదు. రాత్రి ఏం తిన్నారని అడిగితే ఇంటి నుంచి తెచ్చుకున్న పులిహోర అన్నారు. నాకు సమాధానం దొరికినట్టే అనిపించింది. ఆహారం వికటించిందని రాసుకుని సెలైను పెట్టించాను.

అరగంట పోయాక వాను డ్రైవరు గుమ్మం దగ్గర నిలబడి అన్నాడు. "నేను గూడ గదే పులిహోర తిన్న సారూ. నాకేం గాలె."

"రాత్రి నువ్వెక్కడ పడుకున్నావు?"

"బండిల జాగ లేకుండె సారూ. బైట చెట్టు కింద గొంగడి కప్పుకొని పండుకున్న. ఆళ్లు లోపల బొగ్గుల కుంపటి పెట్టుకొని తలుపులేసుకున్నరు."

అప్పటికి గాని నాకు బోధపడలేదు. మా దగ్గరున్నవి రెండే ఆక్సిజను సిలిండర్లు. ఒకటి ముసలామెకు పెట్టాం, రెండోది పిల్లలకు. పిల్లలు మధ్యాహ్నానికి తేరుకున్నారు. భార్యాభర్తలు మర్నాటికి లేచి తిరిగారు. ఆమె మాత్రం మళ్లీ కళ్లు తెరవలేదు. ఆ అరగంట ముందే ఆక్సిజను పెట్టి ఉంటే బతికేదా అని ఇప్పటికీ ఆలోచిస్తూ ఉంటాను. రాత్రంతా చలిలో పడుకున్నవాడికి కనీసం జలుబు కూడా చేయలేదు. వెచ్చగా పడుకున్న వాళ్లే ప్రాణం మీదికి తెచ్చుకున్నారు.

ఏమిటా వాయువు?

బడిలో మనం చదువుకున్న బొగ్గుపులుసు వాయువు కాదు ఇది. దీని పేరు కార్బన్ మోనాక్సైడు. బొగ్గు, కట్టె, గ్యాసు, పెట్రోలు, డీజిలు, ఏది మండినా, గాలి చాలకపోతే ఇది పుడుతుంది. రంగు లేదు, వాసన లేదు, కళ్లు మండవు, దగ్గు రాదు. పొగ అయితే మనిషిని నిద్ర లేపుతుంది. ఇది ఇంకా నిద్రపుచ్చుతుంది.

మన రక్తంలో హీమోగ్లోబిన్ అనే ఎర్రని పదార్థం ఉంది. ఊపిరితిత్తుల నుంచి ప్రాణవాయువును మోసుకుపోయి మెదడుకీ గుండెకీ అందించేది అదే. కార్బన్ మోనాక్సైడు ప్రాణవాయువు కంటే రెండువందల రెట్లకు పైగా గట్టిగా దాన్ని పట్టుకుంటుంది. బస్సులో సీట్లన్నీ ముందే ఆక్రమించుకున్న ప్రయాణికుల్లాంటిదన్న మాట. బస్సు తిరుగుతూనే ఉంటుంది గాని ఎక్కవలసిన వాళ్లకు చోటుండదు.

"మా కుంపట్లో పొగే రాదండీ, ఎర్రటి నిప్పులే" అంటారు కొందరు. పొగ లేకపోవడం ధైర్యం కాదు. ఆ ఎర్రటి నిప్పుల నుంచే ఈ వాయువు దండిగా వస్తుంది. బూడిద కప్పినా వస్తూనే ఉంటుంది. పక్కన గిన్నెతో నీళ్లు పెడితే విషం లాగేస్తుందన్నది ఒట్టి నమ్మకం.

ఇది పల్లెటూరి కుంపటికే పరిమితమైన ప్రమాదం కాదు. 2020 జనవరిలో నేపాల్‌లోని దామన్ అనే కొండ ఊళ్లో కేరళ నుంచి వెళ్లిన ఎనిమిది మంది యాత్రికులు ఒకే గదిలో గ్యాసు హీటరు పెట్టుకుని, తలుపులు బిగించుకుని పడుకున్నారు. తెల్లవారేసరికి ఎవరూ లేవలేదు. అందులో నలుగురు పిల్లలు. 2024 డిసెంబరులో కేరళలోనే వటకర దగ్గర రోడ్డు పక్కన ఆపి ఉంచిన కారవాను బండిలో ఇద్దరు చనిపోయి కనిపించారు. ఏసీ కోసం నడిపిన జనరేటరు నుంచి వెలువడిన వాయువు బండి అడుగున ఉన్న రంధ్రం గుండా లోపలికి చేరిందని నిపుణుల పరిశీలనలో తేలింది. పడక, వంట, స్నానం అన్నీ అమర్చిన అలాంటి బండ్లు ఇప్పుడు మన దగ్గరా అద్దెకు దొరుకుతున్నాయి. అంచేత ఈ సంగతి తెలుసుకుని మరీ ఎక్కండి.

అనంతగిరికి వెళ్లేది గాలి కోసమే కదా!

హైదరాబాదు నుంచి వికారాబాదు సుమారు 75 కిలోమీటర్లు. అక్కడికి అయిదారు కిలోమీటర్లలో అనంతగిరి కొండలు, అనంతపద్మనాభస్వామి కోవెల, మూసీనది పుట్టిన చోటు. క్షయకు సరైన మందులు లేని రోజుల్లో డాక్టర్లు రోగులను ఇలాంటి కొండగాలికే పంపేవారు. నిజాం కాలంలో ఈ కొండ మీద క్షయ చికిత్సాలయం వెలిసింది కూడా ఈ గాలి కోసమే. అలాంటి చికిత్సాలయాల్లో చలికాలంలో సైతం కిటికీలు తెరిచి, వరండాల్లో మంచాలు వేసి, రోగులకు దుప్పట్లు కప్పేవారు. ఒంటిని వెచ్చగా ఉంచేవారు గాని గాలిని ఆపేవారు కాదు. ఇప్పుడు క్షయకు మంచి మందులు వచ్చాయి, గాలివైద్యం అక్కరలేదు. కాని ఆ పద్ధతి మాత్రం వానులో పడుకునే మీకు అచ్చంగా పనికొస్తుంది.

డిసెంబరు, జనవరి నెలల్లో ఇక్కడ రాత్రి చలి 10 డిగ్రీల దాపుకు, ఒక్కొక్క రాత్రి అంతకంటే కిందికీ దిగుతుంది. ఒంటికి సరైన బట్టలుంటే ఆరోగ్యవంతుణ్ణి ఈ చలి చంపదు. నిప్పుతో పని లేకుండా వెచ్చగా ఉండే ఉపాయాలు ఇవి:

పైన ఎన్ని కప్పుకున్నా కిందనుంచి చలి తగులుతుంది. ముందు గడ్డిచాపో జంపఖానాయో పరిచి, దానిమీద పరుపో బొంతో వేయండి. ఒక లావు రగ్గు కంటే రెండు మూడు పలుచని దుప్పట్లు మేలు. తలకు మంకీ క్యాపు, కాళ్లకు మేజోళ్లు మరవకండి. పగలంతా వేసుకుని తిరిగిన చెమట బట్టలు మార్చి పొడివి వేసుకోండి. పడుకునే ముందు వేడి వేడి అన్నం, పప్పుచారు తినండి. రబ్బరు సంచీలో వేడినీళ్లు పోసి, గుడ్డ చుట్టి, పాదాల దగ్గర పెట్టుకోవచ్చు. పసిపిల్లలకూ, మధుమేహం వల్ల పాదాలు మొద్దుబారిన వాళ్లకూ అది వద్దు, కాలినా తెలియదు. మగవాళ్లకొక మాట. సారా చుక్క చలిని ఆపదు. చర్మంలోని రక్తనాళాలు వెడల్పయి, ఒంట్లో వేడి మరింత తొందరగా బయటికి పోతుంది.

ఇక బండి సంగతి. పడుకునే ముందు ఇంజను పూర్తిగా ఆపేయండి. ఏసీ గాని, హీటరు గాని నడుస్తుండగా నిద్రపోవద్దు. రెండు వైపులా అద్దాలు రెండేసి వేళ్ల మందాన దింపి, ఆ సందుకు దోమతెర గుడ్డ కట్టండి. కాని అద్దాలు కాస్త దింపాం కదా అని కుంపటి పెట్టుకుంటే మాత్రం ఆ సందు మిమ్మల్ని కాపాడదు. వంట బయటే చేయండి. కుంపటి, గ్యాసు పొయ్యి రాత్రి బండిలోకి రాకూడదు. గుడారంలోకీ రాకూడదు. జనరేటరు ఉంటే బండికి దూరంగా, గాలి దాని మీదుగా మీ వైపు వీచకుండా పెట్టించండి. నిద్రపోయేటప్పుడు ఆపించండి. అద్దెబండి అయితే కార్బన్ మోనాక్సైడు అలారం ఉందా అని యజమానిని అడగండి. లేకపోతే ఒకటి కొనుక్కోండి. బండికి కొనే అలంకారాల కంటే ముందు కొనవలసినది అదే.

ఎక్కడ ఆపాలి?

రిజర్వు అడవిలో ఇష్టం వచ్చిన చోట ఆగి మంట వేయడానికి వీల్లేదు, అది నేరం. ఎండాకు మీద నిప్పురవ్వ పడితే కొండంతా అంటుకుంటుంది. అటవీశాఖ వారు అనుమతించిన చోటో, అనంతగిరిలోని పర్యాటకశాఖ హరిత రిసార్టు వంటి చోటో ముందే మాట్లాడుకోండి. ముసలివాళ్లు, నెలల పిల్లలు, గర్భిణులు ఉంటే రాత్రికి గదే మంచిది. బండి పగటి తిరుగుడుకు ఉంచుకోండి.

రెండోరోజు తాండూరు వైపు పోతారు. వికారాబాదు నుంచి సుమారు 40 కిలోమీటర్లు. దారిలో కోట్‌పల్లి జలాశయంలో పడవ షికారుంది. లైఫ్ జాకెట్టు కట్టుకోకుండా ఎక్కకండి, ఆ నీళ్లు తాగకండి. నీటి ఒడ్డున రాత్రి చలి, దోమలు రెండూ ఎక్కువే. కాస్త ఎడంగా, ఎత్తున ఆపుకోండి. తాండూరు చేరాక 2022లో భౌగోళిక గుర్తింపు పొందిన అక్కడి కందిపప్పు తప్పక కొనుక్కోండి. రాత్రికి మాత్రం నాపరాళ్లు కోసి పాలిషు పట్టే చోట్ల పక్కన బండి ఆపకండి. ఆ దుమ్ముకు అద్దం దింపలేరు. ఉబ్బసం ఉన్నవాళ్లకు అది మరీ చేటు. అద్దం దింపి పడుకోలేని చోటు రాత్రి మజిలీకి తగదు.

మందులపెట్టెలో ఏముండాలి? రోజూ వాడే బీపీ, షుగరు, గుండె మాత్రలు రెండు రోజులకు సరిపోయేవి కాకుండా అయిదు రోజులకు పెట్టుకోండి. ఉబ్బసానికి ఇన్‌హేలరు, జ్వరానికి పారాసిటమాల్, విరేచనాలకు ఓఆర్ఎస్ పొట్లాలు, దూది, కట్టుగుడ్డ చాలు. గుండెజబ్బు ఉన్నవాళ్లు తెల్లవారుజామున ఆ చలిలో కొండ ఎక్కకండి, ఎండ పొడ వచ్చాక బయల్దేరండి.

ఎలా గుర్తు పట్టాలి?

బండిలోనో గదిలోనో ఉన్న ఇద్దరు ముగ్గురికి ఒకేసారి తలనొప్పి, కళ్లు తిరగడం, వికారం, కాళ్లు పట్టు తప్పడం వచ్చి, బయటికి వస్తే కాస్త తెరిపిస్తే, పులిహోరను తిట్టకండి. గాలిని అనుమానించండి. పిల్లలు, వృద్ధులు, గుండెజబ్బు వాళ్లు ముందుగా లోబడతారు. గర్భిణి అయితే తల్లి బాగానే ఉన్నట్టున్నా కడుపులో బిడ్డకు ప్రమాదం.

వెంటనే తలుపులన్నీ తెరవండి. ఇంజను, నిప్పు ఆపండి. అందరినీ బయటి గాలిలోకి లాగండి. స్పృహ లేకుండా ఊపిరి తీస్తుంటే పక్కకు తిప్పి పడుకోబెట్టండి. ఊపిరి లేకపోతే, తెలిసినవాళ్లు ఛాతీ నొక్కుతూ ఉండాలి. నోట్లో నిమ్మరసం పోయడం, ఉల్లిపాయ వాసన చూపించడం చేస్తూ కాలం వృథా చేయకండి. 108కి ఫోను చేయండి. తాండూరులో ప్రభుత్వాసుపత్రి ఉంది. వికారాబాదులో 2023లో ప్రభుత్వ వైద్యకళాశాలే మొదలైంది. డాక్టరుతో మొదటి మాటగా "మూసిన చోట నిప్పు పెట్టుకుని పడుకున్నాం" అని చెప్పండి. ఆ ఒక్క మాట నాకు ఆనాడు అరగంట ఆలస్యంగా అందింది.

కరోనా రోజుల్లో చాలా ఇళ్లలో వేలికి పెట్టే ఆక్సీమీటరు కొన్నారు. దానిలో 98 కనిపించిందని ధీమా పడవద్దు. ప్రాణవాయువు పట్టిన రక్తానికీ ఈ విషం పట్టిన రక్తానికీ తేడా ఆ పరికరానికి తెలియదు. మామూలు గాలి పీలిస్తే ఒంట్లోని విషం సగానికి తగ్గడానికి నాలుగైదు గంటలు పడుతుంది. మాస్కుతో ఆక్సిజను ఇస్తే గంట, గంటన్నరలో తగ్గుతుంది. అందుకే కాస్త తేరుకున్నా ఆసుపత్రికి వెళ్లి తీరాలి. కొందరిలో కొన్ని వారాల తరవాత మతిమరుపు, నడకలో తడబాటు బయటపడతాయి. అలాంటివి కనిపిస్తే మళ్లీ డాక్టరుకు చూపించండి.

ప్రయాణం పెట్టుకోని వాళ్లు కూడా ఈ పూట ఇల్లొకసారి చూసుకోండి. బాలింత గదిలో తలుపు మూసి పెట్టే సాంబ్రాణి కుంపటి, కిటికీ లేని స్నానాల గదిలో గ్యాసు గీజరు, ఇవీ అదే వాయువుకు పుట్టిళ్లు.

తప్పకుండా వెళ్లి రండి. పిల్లలకు ఆ కొండలు, ఆ చెట్లు, మూసీ పుట్టిన చోటు చూపించండి. రగ్గులు ఒకటి రెండు ఎక్కువే పెట్టుకోండి. బొగ్గుల సంచీ మాత్రం ఇంట్లోనే వదిలేయండి.