చిత్రనవలలు – ప్రశంసకు ప్రమాణము

ఒక గ్రంథము గొప్పదని చెప్పుట సులభము. ఏ గుణముచేత గొప్పదో చెప్పుట కష్టము. మొదటి పనికి లోకాభిప్రాయము చాలును. రెండవ పనికి ప్రమాణము కావలెను. బొమ్మలును మాటలును కలిసి కథను నడపు గ్రంథములను పాశ్చాత్యులు 'గ్రాఫిక్ నావెల్' అని పిలుచుచున్నారు. ఈ వ్యాసమున మేము వానిని చిత్రనవలలని వ్యవహరింతుము. ఇటీవలి నాలుగు దశాబ్దులలో ఈ ప్రక్రియకు లభించిన కీర్తి సామాన్యమైనది కాదు. సాహిత్యబహుమానములు వచ్చినవి, విశ్వవిద్యాలయములలో పాఠ్యగౌరవము దక్కినది, తప్పక చదువవలసిన గ్రంథముల పట్టికలు వెలువడినవి. ఆ పట్టికలు మనయొద్దకు వచ్చునప్పుడు వానితోపాటు తీర్పులును సిద్ధముగనే వచ్చుచున్నవి. పరిశోధకుడు ఆ తీర్పును సిద్ధాంతముగా గ్రహించి తన వ్యాసమును దానికి వ్యాఖ్యగా వ్రాసినచో, అతడు చేసినది పరిశోధన కాదు, అనువాదము మాత్రమే. కనుక ప్రశంస పొందిన చిత్రనవలలలో ఏవి దానికి అర్హములో, ఎంతవరకు అర్హములో విచారించుట ఈ వ్యాసప్రయోజనము.

ఇట్టి ప్రశంసలకు సాధారణముగా కానవచ్చు హేతువులు మూడు: ప్రాథమ్యము, వస్తుగౌరవము, బహుమానము. ఈ మూడింటిని ముందు పరిశీలింతము.

ప్రాథమ్యమనగా ఒక గ్రంథము తన ప్రక్రియలో మొదటిదై యుండుట. విల్ ఐస్నర్ 1978లో ప్రకటించిన 'ఎ కాంట్రాక్ట్ విత్ గాడ్' ఈ ప్రక్రియకు ఆదిగ్రంథమని పలువురు చెప్పుదురు. కాని 'గ్రాఫిక్ నావెల్' అను మాటను 1964లోనే రిచర్డ్ కైల్ వాడియుండెను. అంతేగాక ఐస్నర్ గ్రంథము ఒక నవల కాదు; న్యూయార్క్ నగరపు పేదల యిండ్లకు సంబంధించిన నాలుగు కథల సంపుటి. మన దేశమునను ఇట్టి వివాదమే కలదు. సారనాథ్ బెనర్జీ 'కారిడార్' 2004లో వెలువడినప్పుడు దానిని భారతదేశపు మొదటి చిత్రనవలగా ప్రచారము చేసిరి. దానికి పదియేండ్లకు పూర్వమే, 1994లో, నర్మదానదిపై ఆనకట్టలను గూర్చి ఓరిజిత్ సేన్ 'రివర్ ఆఫ్ స్టోరీస్' రచించియుండెను. తక్కువ ప్రతులతో వెలువడిన ఆ గ్రంథము చాలకాలము దొరకక, 2022లో పునర్ముద్రణము పొందినది. దీనివలన రెండు సంగతులు తెలియుచున్నవి. మొదటిదను కీర్తి తరచుగా ప్రచారబలమునుబట్టి లభించును. అది న్యాయముగనే లభించినను చరిత్రకు సంబంధించిన గుణమేగాని రచనకు సంబంధించిన గుణము కాదు. బాట వేసినవానికి నమస్కరింపవలసినదే. అంతమాత్రమున ఆ బాటలో నడచినవారిలో నతడే మేటియని చెప్పరాదు.

రెండవది వస్తుగౌరవము. యూదుల మారణకాండ, ఇరాను విప్లవము, అస్పృశ్యత వంటి వస్తువులను గ్రహించిన గ్రంథమును విమర్శించుటకు పాఠకుడు జంకును. వస్తువునందలి దుఃఖమును గ్రంథమునందలి శక్తిగా భావించును. కాని రామకథ చెప్పిన ప్రతివాడును వాల్మీకి కాడు. దీనికి మన దేశముననే మంచి ఉదాహరణ మున్నది. అనంత్ పాయ్ 1967లో ప్రారంభించిన 'అమర చిత్రకథ' మాలలో అంబేడ్కరు జీవితము 1979లో వెలువడినది. అదే మహనీయుని జీవితములోని కొన్ని ఘట్టములను గ్రహించి 'భీమాయన' 2011లో వెలువడినది. వస్తువు రెండింటను ఒక్కటియే. అయినను మొదటిది బాలురకు జీవితచరిత్ర తెలుపు పాఠముగా నిలిచినది. రెండవది ప్రపంచమున చిత్రనవలగా పరిగణన పొందినది. వస్తువే గౌరవహేతువైనచో ఈ భేద మెట్లు పుట్టును?

మూడవది బహుమానము. ఆర్ట్ స్పీగల్మన్ రచించిన 'మౌస్' 1992లో పులిట్జరు ప్రత్యేక పురస్కారము పొందినది. క్రిస్ వేర్ రచించిన 'జిమ్మీ కారిగన్' 2001లో గార్డియన్ పత్రికవారి ప్రథమగ్రంథ బహుమానము నందుకొన్నది. నిక్ డ్ర్నాసో 'సబ్రీనా' 2018లో మాన్ బుకర్ బహుమానపు తొలిపట్టికలో చేరినది. ఇవి గణనీయములే. కాని ఇవి వచనగ్రంథములకై ఏర్పడిన బహుమానములు. వచనమునకు అలవడిన దృష్టికి చిత్రమునందలి పని సగమే కనబడు ప్రమాదము కలదు. కావున బహుమానము విచారణకు ఆరంభము కావచ్చునుగాని ముగింపు కానేరదు.

ఇక ప్రమాణ మేది? ఇందుకు మన అలంకారశాస్త్రము తోడ్పడునని మా యభిప్రాయము. ఇచట ఒక చమత్కార మున్నది. తొమ్మిదవ శతాబ్ది యాలంకారికుడగు ఆనందవర్ధనుడు వ్యంగ్యప్రాధాన్యము లేని రచనకు 'చిత్రము' అని పేరిడి, అది కావ్యమునకు అనుకరణ మాత్రమేయని తోసిపుచ్చెను. అచట చిత్రమనగా బొమ్మ కాదు, శబ్దార్థముల వైచిత్రిమాత్రము. అయినను ఆ విభాగము చిత్రనవలకును చక్కగా వర్తించును. బొమ్మ ఎంత అందముగా నున్నను, చెప్పిన మాటనే మరల చూపునదైనచో ఆ గ్రంథము శాస్త్రార్థమునను 'చిత్రము' మాత్రమే. బొమ్మకును మాటకును నడుమ, ఒక గడికిని మరియొక గడికిని నడుమ, చెప్పబడని యర్థ మొకటి స్ఫురించినప్పుడే అది ధ్వనికావ్య మగును.

చిత్రనవలలో గడుల నడుమ విడిచిన తెల్లని యెడమునకు ప్రత్యేక ప్రాధాన్యము కలదు. ఒక గడిలో ఎత్తిన కత్తి, మరుసటి గడిలో చీకటివీధి. హత్య జరిగినది ఏ గడిలోనులేదు, పాఠకుని మనస్సులోనే జరిగినది. స్కాట్ మెక్‌క్లౌడ్ 1993లో ప్రకటించిన లక్షణగ్రంథమున ఈ విషయమును విపులముగా చర్చించెను. మనకిది కేవలము పరదేశపు సంగతి కాదు. అమరావతీశిల్పములలో నాలగిరి యను మదగజమును బుద్ధుడు శాంతింపజేసిన కథ ఒక్క వర్తులఫలకమున చెక్కబడినది. ఏనుగు అందు రెండుమారులు కనిపించును: ఒకచోట జనమును త్రొక్కుచు, మరియొకచోట బుద్ధుని పాదములకడ వంగి. నడిమి మార్పును శిల్పి చూపలేదు, చూచువానికి విడిచిపెట్టెను. వ్యంగ్యవ్యాపార మిట్టిదే.

ధ్వనికి తోడు మరి రెండు ప్రమాణములను గ్రహింతము. ఒకటి క్షేమేంద్రుడు పదునొకండవ శతాబ్దిలో ప్రతిపాదించిన ఔచిత్యము: గ్రహించిన వస్తువునకు రేఖ, వర్ణము, గడుల విభాగము తగియున్నవా? రెండవది సహృదయుని ప్రశ్న: గ్రంథము ఎట్టి సంస్కారముగల పాఠకుని కోరుచున్నది? ఈ మూడింటిని పట్టి ప్రసిద్ధగ్రంథములు కొన్నింటిని పరిశీలింతము.

'మౌస్' 1980 మొదలు ఒక పత్రికలో ధారావాహికముగా వచ్చి, 1986లోను 1991లోను రెండు సంపుటములుగా వెలువడినది. తండ్రి తన యనుభవమును చెప్పగా కుమారుడు దానిని చిత్రించుచుండును. యూదులు ఎలుకలు, జర్మనులు పిల్లులు, పోలండువారు పందులు. జాతులను జంతువులుగా చూపుట నాజీల దృష్టినే అంగీకరించుట కాదా యని కొందరు ఆక్షేపించిరి. ఆక్షేపణ బలమైనదే. కాని గ్రంథమే దానికి సమాధానము చెప్పుచున్నది. యూదులు పోలండువారివలె తిరుగవలసివచ్చినప్పుడు పందిముఖమును కట్టుకొందురు. ముఖమునకు కట్టిన దారము కనబడును. రెండవ సంపుటమున రచయిత తానే ఎలుకముఖము కట్టుకొనిన మనుష్యుడుగా, శవముల గుట్టపైనున్న బల్లకడ కూర్చుండును. రూపకము తన కృత్రిమత్వమును తానే బయట పెట్టుచున్నది. మరియొకచోట దంపతులు పోవు దారులు స్వస్తికాకారమున నున్నవి. ఏ దారిన పోయినను శత్రువుని చేతిలోనే యున్నారను నర్థము బొమ్మవలన వ్యంజిత మగుచున్నది. ఈ గ్రంథమునకు వచ్చిన ప్రశంస న్యాయమైనదని మా నిర్ణయము.

ఆలన్ మూర్ రచించి డేవ్ గిబ్బన్స్ చిత్రించిన 'వాచ్‌మెన్' 1986–87లో పండ్రెండు సంచికలుగా వచ్చినది. 2005లో టైమ్ పత్రిక ప్రకటించిన నూరు నవలల పట్టికలో చేరినది. పుటకు తొమ్మిది గడుల క్రమమును పట్టి కథ నడుచును. అయిదవ భాగమున పుటల విభాగము నడుమనుండి ఇరువైపులకును అద్దములోని ప్రతిబింబమువలె సరిపోవును. నాల్గవ భాగమున భూతభవిష్యత్తులను ఒక్కమారే చూడగల పాత్ర కలదు. పుటపై గడులన్నియు నొకేసారి కంటబడునను ఈ ప్రక్రియాలక్షణమే ఆ పాత్రస్వభావమైనది. నిర్మాణదృష్టితో ఈ ప్రశంస ఎంతైనను తగును. అయితే ఈ గ్రంథము 1938లో 'సూపర్‌మన్'తో బలపడిన అమెరికా వీరకథలకు ఖండనము. ఖండనము రుచింపవలెనన్న ఖండింపబడిన దానితో పరిచయ ముండవలెను. తిరువూరు ప్రాంతమందలి పెనుగొలనువంటి గ్రామమున చదువుకొన్న పాఠకుడు చలనచిత్రములవలన ఆ వీరుల పేర్లెరిగి యుండవచ్చును. ఆ కథల కట్టుబాట్లతో అతడు పెరిగినవాడు కాడు. అతనికి నిర్మాణచాతుర్యము తెలియును, వ్యంగ్యము సగమే తెలియును. ఇది గ్రంథదోషము కాదు. మన ప్రబంధములును సంస్కారము లేనివానికి మూగలే. కాని సర్వజనీనమైన మహానవలయని దీనిని ప్రశంసించువారు ఈ పరిమితిని గుర్తింపవలెను.

మార్జాన్ సత్రపి ఫ్రెంచిభాషలో 2000–2003 నడుమ నాలుగు భాగములుగా ప్రకటించిన 'పెర్సెపొలిస్' ఇరాను విప్లవకాలపు బాల్యమును చెప్పుచున్నది. నలుపు తెలుపులే వర్ణములు. ఆరంభమున తరగతి ఛాయాచిత్ర మొకటి. కథకురాలు దాని యంచున తెగిపోయి కనబడదు. ముసుగుధారణము వ్యక్తిని మాపివేయుచున్నదని ఎచటను చెప్పకయే ఆ అంచు చెప్పుచున్నది. బాలిక దృష్టికి ఈ సరళరేఖ పరమోచితము. కథకురాలు ఎదిగి వియన్నానగరము చేరినపిదప, మనస్సులోని సంక్షోభమును వ్యాఖ్యావాక్యములే మోయుచు, బొమ్మ వానిని అనుసరించుటయే తరచయ్యెను. కావున పూర్వార్ధమునకు వచ్చిన ప్రశంసను ఉత్తరార్ధమునకు తగ్గించి చెప్పవలెను.

'భీమాయన'కు శ్రీవిద్య నటరాజన్, ఎస్. ఆనంద్‌లు వచనము కూర్చగా, పర్ధాన్ గోండు చిత్రకారులైన దుర్గాబాయి వ్యాం, సుభాష్ వ్యాంలు చిత్రించిరి. నీరు, నీడ, ప్రయాణము అనువానికై అంబేడ్కరు పడిన యవమానములు ఇందలి వస్తువు. చిత్రకారులు గడులను విసర్జించి, తమ యిండ్ల గోడలపై వేయు అలంకారరేఖలతో పుటను విభజించిరి. మృదువైన మాట పక్షియాకారమున నుండును. విషపు మాటకు తేలుకొండి యుండును. మాట యర్థమును చదువుటకు ముందే దాని స్వభావము కంటికి తెలియుచున్నది. మనుష్యులను గిరిగీసి వేరుపరచిన వ్యవస్థను ఖండించు గ్రంథము గడి గీయకుండుట పరమౌచిత్యము. అయితే కథకు చుట్టునున్న సంభాషణము, నడుమ చేర్చిన వార్తాపత్రికాంశములు ఉపదేశరూపములు. అవి వ్యంగ్యమును వాచ్యముగా మార్చుచున్నవి. ఈ గ్రంథమున చిత్రకారులకు రావలసిన ప్రశంస పూర్ణమైనది. వచనకర్తలకు రావలసినది పాక్షికమైనది. వస్తుగౌరవమునకు జంకి ఈ భేదమును చెప్పకుండుట ఆ చిత్రకారులకే అన్యాయము చేయుట.

సంస్కృతాలంకారికుల కొలతతో నేటి ప్రక్రియను కొలుచుట యుక్తమా యని కొందరు ప్రశ్నింపవచ్చును. ధ్వని, ఔచిత్యము అనునవి ఏ భాషాగ్రంథమునకో కట్టుబడిన నియమములు కావు. గ్రహణవ్యాపారమును గూర్చిన పరిశీలనలు. అవి నవలకును, కథానికకును వర్తించినట్లే దీనికిని వర్తించును. వర్తింపనిచోట వానిని విడువవచ్చును. ఏ ప్రమాణమును లేక అంగీకరించుటకంటె ఒక ప్రమాణముతో విభేదించుట మేలు.

తెలుగువారి విషయమున ఒక హెచ్చరిక యవసరము. 1947 జులైలో ప్రారంభమైన 'చందమామ'లో వడ్డాది పాపయ్య, చిత్ర, శంకర్ మున్నగువారు వేసిన బొమ్మలు తరతరముల బాలురను తీర్చినవి. అయినను బొమ్మను తొలగించినచో అందలి కథ కుంటువడదు. కనుక అది సచిత్రకథయే గాని చిత్రనవల కాదు. అట్లనుట దాని విలువను తగ్గించుట కాదు. శ్రీకాళహస్తి కలంకారీ వస్త్రములు ఈ ప్రక్రియకు మిక్కిలి చేరువ. నడుమ పెద్దచిత్రము, చుట్టును వరుసలుగా కథాఘట్టములు, వానిని వివరించు తెలుగు వ్రాతలు అందున్నవి. చేర్యాల పటములు ఎఱ్ఱని నేలపై అడ్డుగడులుగా కులపురాణములను చూపును. కాకిపడగలవారు మున్నగు కథకులు పటమును వ్రేలాడదీసి కథ చెప్పుదురు. ఇచట గడుల నడిమి యెడమును నింపునది పాఠకుని ఊహ కాదు, కథకుని కంఠము. ఈ భేదమును మరచి, చిత్రనవల మనకు అనాదిగా నున్నదని చాటుట ప్రాథమ్యదోషమునే మరల చేయుట యగును. గోండు చిత్రకారులు తమ గోడరేఖను పుటకు తెచ్చినట్లు, నకాషీ చిత్రకారులో కలంకారీ కళాకారులో తమ రేఖను పుటకు తెచ్చినచో ఎట్టి చిత్రనవల పుట్టునో విచారించుట అంతకంటె ప్రయోజనకరము.

కాబట్టి ఈ ప్రక్రియను చేపట్టు పరిశోధకుడు ప్రతి గ్రంథమును మూడు ప్రశ్నలడుగుట మంచిది. బొమ్మను తీసివేసిన మాటకును, మాటను తీసివేసిన బొమ్మకును ఏమి లోపించుచున్నది? రేఖయు విభాగమును ఈ వస్తువునకే తగినవా, దేనికైనను సరిపోవునా? ఈ గ్రంథము కోరు సంస్కారము మన పాఠకునకు కలదా, లేనిచో అధ్యాపకుడు దానిని కలిగింపగలడా? వీనికి సమాధానము చెప్పి చేసిన ప్రశంస చిన్నదైనను నిలుచును. చెప్పక చేసిన ప్రశంస ఎన్ని బహుమానముల పేర్లు చెప్పినను పరాయి తీర్పుగానే మిగులును.