ఆ పిలుపు అమ్మ కోసం

చిత్త కార్తెలో జతకట్టిన వీధికుక్కలు ధనుర్మాసంలో పిల్లల్ని పెడతాయి. లెక్క సూటిగానే ఉంటుంది. అక్టోబరు రెండో వారంలో చిత్త వస్తుంది, కుక్క చూలు 63 రోజులు, అక్కడికి డిసెంబరు సగం. మన దగ్గర చలి ముదిరే రోజులు సరిగ్గా అవే. కట్టుబడిలో ఉన్న ఇంటి ముందు ఇసుక కుప్ప, అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో జనరేటర్ వెనక సందు, రోడ్డు కింద తూము, పల్లెల్లో గడ్డివాము అంచు. తల్లికి దొరికిన చోటే పురుడు.

ఇక సంక్రాంతి దాటేదాకా రాత్రుళ్లు సన్నగా, ఆగి ఆగి ఏడుపులు వినిపిస్తూనే ఉంటాయి. విన్నవాళ్లలో కొందరు కిటికీ మూసుకుంటారు. కొందరు మనసు ఆగక దిగివెళ్లి, పిల్లను ఎత్తుకొచ్చి, గిన్నెలో పాలు పోసి ముందు పెడతారు. ఈ రెండో రకం మనుషులంటే నాకు గౌరవం. వాళ్ల కోసమే ఈ కథనం. ఎందుకంటే ఆ ఏడుపు ఏం అడుగుతోందో తెలియకుండా చేసిన సాయం చాలాసార్లు పిల్ల ప్రాణం మీదికి తెస్తోంది.

వినని చెవులు, వణకని ఒళ్లు

అప్పుడే పుట్టిన వీధికుక్క పిల్ల పావుకిలోకి అటూ ఇటూగా తూగుతుంది. కళ్లు తెరవడానికి 10 నుంచి 14 రోజులు పడుతుంది. చెవులు తెరుచుకునేది ఆ తర్వాతే. తొలి రెండు వారాల్లో ‘ఊరుకో నాన్నా, ఊరుకో’ అని మనం ఎంత బుజ్జగించినా ఆ మాట దానికి చేరదు. చేరేవి వెచ్చదనం, వాసన, స్పర్శ. తల అటూ ఇటూ ఆడిస్తూ, నేల మీద గుండ్రంగా పాకుతూ తల్లి పొట్ట కోసం వెతుకుతుంది. ముక్కుకు ఏదైనా వెచ్చగా, మెత్తగా తగిలితే ఆగుతుంది. తగలకపోతే ఏడుస్తుంది. దానికి తన మాట వినబడదు గానీ తల్లికి వినబడుతుంది. ఆ ఏడుపు ఉన్నదే అందుకు.

చలి సంగతి మరీ ముఖ్యం. పెద్ద కుక్క ఒంటి వేడి 38, 39 డిగ్రీల సెల్సియస్ ఉంటే, తొలి వారంలో పిల్లది 35 నుంచి 37 మధ్యే. ఆ వేడిని తనంతట తాను నిలుపుకోలేదు. వణికితే కండరాలు కొంత వేడి పుట్టిస్తాయి, కానీ మొదటి వారంలో దానికి వణకడం కూడా రాదు. ఒంట్లో కొవ్వు దాదాపు లేదు. కాలేయంలో ఉన్న చక్కెర కొద్ది గంటలకే ఖర్చయిపోతుంది. చుట్టూ 29 నుంచి 32 డిగ్రీల వెచ్చదనం ఉంటే తప్ప దానికి కుదురు లేదు. డిసెంబరు రాత్రి హైదరాబాద్‌లో 15 డిగ్రీలకు, ఆదిలాబాద్‌లో ఇంకా బాగా కిందికి పడిపోతుంది. తోబుట్టువుల కుప్పలోంచి మూరెడు దూరం జారిన పిల్ల అరుస్తోందంటే, అది నిజంగానే ప్రాణం కోసం అరుస్తోంది.

మలమూత్రాలు సైతం తల్లి నాకితేనే వస్తాయి. దాదాపు మూడు వారాలదాకా ఇంతే. పాలు తాగి, ఆ పని జరగక పొట్ట బిగుసుకుని ఏడ్చే పిల్లకు మళ్లీ పాలు పట్టేవాళ్లు ఎందరో.

ఏ ఏడుపు దేనికి

ఆరోగ్యంగా ఉన్న పసిపిల్ల రోజంతా చేసేది నిద్రపోవడం, పాలు తాగడం. నిద్రలో కాళ్లు, మూతి అదురుతుంటాయి. చూసి ఫిట్స్ అనుకుని కంగారు పడతారు. ఆ అదురు మంచిదే, నరాలూ కండరాలూ ఎదుగుతున్న గుర్తు. అసలు అదురు లేకుండా వాలిపోయి పడుకున్న పిల్లనే అనుమానించాలి.

ఆకలి ఏడుపులో కదలిక ఉంటుంది. మూతితో పొడుస్తూ, దొరికిందల్లా చప్పరిస్తూ కుయ్‌మంటుంది. చనుమొన నోటికందగానే ఆగిపోతుంది. చలి ఏడుపు గట్టిగా, తెరిపి లేకుండా మొదలవుతుంది. వేలితో తాకితే పిల్ల పాదాలు, నోటి లోపల చల్లగా తగులుతాయి. పిల్లలన్నీ ఒకదాని మీద ఒకటి ఎక్కి గుట్టగా పడి ఏడుస్తుంటే చలి. ఒకదానికొకటి దూరంగా చెల్లాచెదురై, ఎర్రబారి, రొప్పుతూ ఏడుస్తుంటే వేడి ఎక్కువైంది. బల్బు కింద పెట్టి మరిచిపోయిన పెట్టెల్లో ఇలా జరుగుతుంది. పాలు తాగిన కాసేపటికి కాళ్లు పొట్టకు లాక్కుంటూ ఏడిస్తే గాలి చేరి ఉండాలి, లేదా మలం రాకపోయి ఉండాలి.

మన చెవిని మనం కొంత నమ్మవచ్చు. 2022లో ఫ్రాన్స్ పరిశోధకులు కొందరు కుక్కపిల్లల మూలుగుల్ని మనుషులకు వినిపించి చూశారు. గొంతు చీలినట్టు, బొంగురుపోయినట్టు ఉండే ధ్వనులు కలిసిన ఏడుపుల్లో బాధ ఎక్కువగా ఉన్నట్టు విన్నవాళ్లు గుర్తించారు. మనుషుల పసిబిడ్డ ఏడుపులోనూ అలాంటి ధ్వనులుంటాయి. కాబట్టి ‘ఇది మామూలు ఏడుపులా లేదు’ అని మీకు అనిపిస్తే కిందికి దిగి చూడండి.

కానీ అన్నిటికంటే భయపడాల్సింది ఏడుపు ఆగిపోయినప్పుడు. చలికి మొద్దుబారిన పిల్ల మొదట గట్టిగా, తర్వాత నీరసంగా, ఆపైన పిల్లికూన మూలిగినట్టు సన్నగా అని, చివరికి నోరు మూస్తుంది. మిగతావి కుప్పగా పడుకుని ఉంటే అది విడిగా పడి ఉంటుంది. చాలాసార్లు తల్లి కూడా దాన్ని పక్కకు నెడుతుంది. ‘పాపం, అలిసిపోయి నిద్రపోయింది’ అని ఇంట్లోవాళ్లు ఊపిరి పీల్చుకునే ఆ వేళే పశువైద్యుడి దగ్గరికి పరిగెత్తాల్సిన వేళ.

తల్లి ఎటు వెళ్లింది?

కోల్‌కతా దగ్గరి విజ్ఞాన పరిశోధనా సంస్థ ఐసర్‌లో అనిందితా భద్ర, ఆమె విద్యార్థులు ఏళ్లుగా వీధికుక్కల జీవితాన్ని వీధుల్లోనే గమనిస్తున్నారు. 95 ఈతల్లో పుట్టిన 364 పిల్లల్ని వాళ్లు వెంబడించి చూస్తే, పిల్లలు కనే వయసు దాకా బతికినవి 19 శాతమే. ఆ చావుల్లో 63 శాతానికి ఏదో ఒక రూపంలో మనిషే కారణం. 2016లో సైంటిఫిక్ రిపోర్ట్స్ పత్రికలో అచ్చయిన ఈ అంకెలు చదివాక నాకు బండి తీసే ముందు కింద వంగి చూడటం అలవాటైంది. వాహనాలు, కొట్టి చంపడాలు, విషాలు అటుంచండి. జాలితో ఎత్తుకుపోవడం కూడా మనిషి చేతిలో ఉన్న కారణమే.

తల్లి కనబడకపోతే ‘వదిలేసి పోయింది’ అనేస్తాం. నిజానికి అది తిండికి పోయి ఉంటుంది. పాలిచ్చే కుక్కకు మూడు, నాలుగు వారాలప్పుడు మామూలు కంటే రెండు నుంచి నాలుగు రెట్లు తిండి కావాలి. అది చెత్తకుండీల దగ్గర ఎంతసేపు తిరిగితే పిల్లలు అంతసేపు ఏడుస్తాయి. అందుకే సెల్లార్‌లో ఏడుపు ఆపడానికి ఉన్న మేలైన మార్గం పిల్లకు పాలు పోయడం కంటే తల్లికి అన్నం పెట్టడం. గుడ్డు కలిపిన అన్నం, ఎముకల్లేని చికెన్ ముక్కలు, పక్కనే నిండా నీళ్లు. గూటికి కాస్త ఎడంగా పెట్టి మనం తప్పుకోవాలి. రోజూ ఒకే వేళకు ఇది జరిగితే తల్లి పిల్లల్ని వదిలి దూరం పోదు.

తల్లి వస్తోందో లేదో తెలియకపోతే గూటి చుట్టూ బియ్యప్పిండితో పల్చగా ఒక గీత పోసి మూడు, నాలుగు గంటలు దూరంగా ఉండండి. అడుగు గుర్తులు పడితే తల్లి వచ్చినట్టే. రాతిపిండి ముగ్గు వద్దు, ముక్కుల్లోకి పోతుంది. ఈలోగా చలిగా ఉంటే పిల్లల్ని అక్కడి నుంచి కదపకుండా, కింద గోనెసంచి మడతలు, గాలి కొట్టే వైపు అడ్డంగా ఓ అట్టముక్క పెడితే చాలు. మనిషి చేయి తగిలితే తల్లి పిల్లను దగ్గరికి రానివ్వదన్న మాట నమ్మి జారిపోయిన పిల్లను అలాగే వదిలేయనక్కర్లేదు. తల్లి లేని వేళ చూసి తిరిగి కుప్పలో పెట్టవచ్చు. తల్లి ఉండగా మాత్రం చేయి పెట్టవద్దు, కరుస్తుంది. అది దాని ధర్మం.

అమ్మ నిజంగానే లేకపోతే

బండి కింద పడి తల్లి పోయింది. లేదా ఎవరో పిల్లల్ని మూటగట్టి చెత్తలో పడేశారు. అప్పుడు మనం చేయాల్సిన పనులకు ఒక వరస ఉంది, ఆ వరస తప్పితే పిల్ల దక్కదు. ముందు వేడి, తర్వాతే పాలు.

చల్లబడిన పిల్ల పేగు కదలదు. అందులో పోసిన పాలు జీర్ణం కాక పులుస్తాయి, లేదా మింగలేక ఊపిరితిత్తుల్లోకి పోతాయి. అందుకే తెచ్చిన వెంటనే పాలగిన్నె వెతకవద్దు. అట్టపెట్టెలో మెత్తటి గుడ్డలు పరిచి, గోరువెచ్చని నీళ్లు నింపిన సీసాను తువ్వాలులో చుట్టి ఒక మూలన పెట్టండి. రెండో మూల చల్లగా వదిలేయాలి, వేడెక్కువైతే పిల్ల అటు పాకుతుంది. సీసా ఒంటికి నేరుగా తగిలితే చర్మం కాలుతుంది. ఒక్కటే పిల్లయితే చొక్కా లోపల, ఒంటికి ఆనించి పెట్టుకోవడం ఇంకా మంచిది. మెల్లగా వేడెక్కాలి, గంట నుంచి మూడు గంటలు పట్టవచ్చు. ఆలోపు మరీ నీరసిస్తే గ్లూకోజు నీళ్లు ఒకటి రెండు చుక్కలు చిగుళ్లకు రాయవచ్చు.

ఒళ్లు వెచ్చబడి, నోట్లో వేలు పెడితే చప్పరిస్తోందంటే ఆకలి తెలుస్తోంది. ఇప్పుడు పాలు. ఏ పాలు? కుక్కపాలలో కొవ్వు 9 శాతం దాకా, మాంసకృత్తులు 7 శాతం పైన ఉంటాయి. ఆవుపాలలో ఇవి సగం కూడా లేవు, పైగా పాలచక్కెర ఎక్కువ. ఆవుపాలు, అందులోనూ నీళ్లు కలిపినవి పడితే పిల్లకు విరేచనాలు పట్టుకుంటాయి. ఆ నీరసంలో మరింత ఏడుస్తుంది. పశువుల మందుల షాపుల్లో కుక్కపిల్లల పాలపొడి దొరుకుతుంది. డబ్బా మీద రాసిన కొలత ప్రకారం కలిపి, ఒంటి వేడికి సరిపడా గోరువెచ్చగా పట్టాలి.

మనిషి బిడ్డను ఒళ్లో వెల్లకిలా పడుకోబెట్టి పాలు పట్టే అలవాటు మన చేతుల్లో ఉంది. కుక్కపిల్లకు అది ప్రమాదం. బోర్లా పడుకోబెట్టి తల కాస్త పైకెత్తి, తల్లి దగ్గర తాగే తీరులోనే పట్టాలి. చిన్న సీసా గానీ, సూది తీసేసిన సిరంజి గానీ వాడి చుక్క చుక్కగా ఇవ్వాలి. ముక్కులోంచి పాలు వస్తే ఆపేయాలి. కడుపు చాలా చిన్నది. నూరు గ్రాముల బరువుకు 4 మిల్లీలీటర్లు పడతాయి, పావుకిలో పిల్లకు ఒక్కసారికి 10 మిల్లీలీటర్లే. అందుకే రెండు, మూడు గంటలకోసారి పట్టాలి, రాత్రుళ్లు కూడా. తాగాక భుజం మీద వేసుకుని వీపు నిమరాలి. ఆపైన గోరువెచ్చని నీళ్లలో ముంచిన దూదితో కడుపు కింద మెల్లగా రుద్దితే మూత్రం, మలం వస్తాయి. తల్లి నాలుక చేసే పని అది.

వంటింటి త్రాసు మీద రోజూ ఒకే వేళకు బరువు చూసి రాసుకోండి. పది రోజులకల్లా పుట్టినప్పటి బరువుకు రెట్టింపు కావాలి. ఒక రోజు పెరగకపోయినా డాక్టరుకు చూపించాలి. తల్లి లేని పిల్లకు వీలైనంత వరకు ఒక తోబుట్టువునైనా జతగా ఉంచండి. రెండు పిల్లలు ఒకదాన్ని ఒకటి వెచ్చబెట్టుకుంటాయి, ఏడుపు సగం తగ్గుతుంది.

కొన్ని ఏడుపులు పాలతో తీరవు. నట్టలు తల్లి కడుపులోంచే, పాలలోంచే పిల్లకు చేరతాయి. పొట్ట ఉబ్బి, ఒళ్లు ఎండిపోతుంటే వాటి పనే. రెండో వారం నుంచి డాక్టరు చెప్పిన మోతాదులో నట్టల మందు పట్టాలి. చెవుల్లో, వేళ్ల సందుల్లో పిడుదులు రక్తం తాగేస్తే చిగుళ్లు పాలిపోతాయి. పెద్ద కుక్కలకు కొట్టే మందు పసిపిల్లలకు విషం. చేత్తో, దువ్వెనతో తీయడమే క్షేమం. పిల్ల గోరు గీరుకున్నా, పన్ను దిగినా సబ్బుతో, ధారగా పారే నీళ్లతో 15 నిమిషాలు కడిగి ఆస్పత్రికి వెళ్లి రేబిస్ టీకా వేయించుకోవాలి. ‘పసిది కదా’ అని ఊరుకోకూడదు.

ఇంటికి తెచ్చిన తొలి రాత్రి

ఇక రెండో రకం ఏడుపు. ముచ్చటపడి తెచ్చుకున్న పిల్ల రాత్రి పదింటికి మొదలుపెట్టి తెల్లవారేదాకా ఏడుస్తుంది. బాల్కనీలోనో బాత్రూంలోనో పెట్టి తలుపేసి, ‘రెండు రోజులు ఏడిస్తే అదే అలవాటు పడుతుంది’ అని సలహా ఇచ్చేవాళ్లకు కొదవ లేదు. ఈ సలహాతో నేను ఏమాత్రం ఏకీభవించను.

అమెరికాలోని ఒహాయోలో మెదడు శాస్త్రవేత్త యాక్ పాంక్‌సెప్, కుక్కల ప్రవర్తనను ఏళ్ల తరబడి చదివిన జాన్ పాల్ స్కాట్ మొదలైనవారు 1978లో ఒక పరిశోధన ప్రచురించారు. తల్లికి దూరమై ఏడుస్తున్న కుక్కపిల్లలకు మార్ఫిన్ చాలా కొద్ది మోతాదులో ఇచ్చినప్పుడు, మత్తు కమ్మకుండానే ఏడుపు బాగా తగ్గిపోయింది. ఒంటి నొప్పిని చల్లార్చే మందే ఒంటరితనాన్నీ చల్లార్చింది. ఆ పిల్ల మొండికేయడం లేదు, మనల్ని లొంగదీయడానికి చూడటం లేదు. దానికి నొప్పిగా ఉంది.

వయసు కూడా చూడాలి. 2017 నాటి కేంద్ర నిబంధనల ప్రకారం ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదు. అయినా నెలరోజుల పిల్లల్ని అమ్ముతూనే ఉన్నారు, కొనేవాళ్లం కొంటూనే ఉన్నాం. మూడో వారం నుంచి తోబుట్టువులతో ఆడుతూ, కొరుక్కుంటూ కుక్కగా బతకడం నేర్చుకునే రోజులవి. అప్పుడే విడదీస్తే ఏడుపు రాత్రులు ఎక్కువవుతాయి, పెద్దయ్యాక బెదురు కూడా మిగలొచ్చు.

తెచ్చుకునేటప్పుడు తల్లి పడుకున్న గుడ్డ ముక్క ఒకటి అడిగి తెచ్చుకోండి. రాత్రి పెట్టెను మీ మంచం పక్కనే పెట్టండి. ఏడిస్తే చేయి కిందికి వేలాడేయండి, వాసన చూసి పడుకుంటుంది. కొత్తగా ఏడుపు అందుకుంటే మూత్రం కోసమేమో చూడండి. రెండు నెలల పిల్ల రెండు, మూడు గంటలకు మించి ఆపుకోలేదు. దీపం వేయకుండా, ఆటలాడించకుండా బయటికి తీసుకెళ్లి తెచ్చి మళ్లీ పడుకోబెట్టాలి. నాలుగైదు రాత్రులు గడిచాక పెట్టెను రోజుకు కాస్త చొప్పున మీరు అనుకున్న చోటికి జరుపుకోవచ్చు. పగటిపూట గదిలోంచి అర నిమిషం బయటికి వెళ్లి, ఏడుపు మొదలుకాక ముందే తిరిగి రావాలి. ఆ అర నిమిషం నెమ్మదిగా ఐదు నిమిషాలు, పావుగంట అవుతుంది.

బాగా ఊరుకున్న పిల్ల కొన్ని వారాల తర్వాత మళ్లీ నీరసంగా మూలుగుతూ, తిండి మాని, వాంతులు, రక్తపు విరేచనాలు చేసుకుంటే అది పార్వో వైరస్ జబ్బు కావచ్చు. తెల్లారేదాకా ఆగవద్దు. ఆరో వారం నుంచి వేయించే టీకాలు ఈ ముప్పును ఆపడానికే.

పిల్లను ఇంటికి తెచ్చుకునే రోజును కూడా చూసి పెట్టుకోవాలి. ఇంట్లో ఎవరో ఒకరు వరసగా మూడు, నాలుగు రోజులు దాని దగ్గర ఉండగలిగే సమయం కావాలి. గృహప్రవేశం, పెళ్లి హడావిడి ఉన్న వారం వద్దు. దీపావళి ముందు అసలే వద్దు, ఆ వయసులో విన్న టపాసుల మోత పెద్దయ్యాక కూడా దాన్ని మంచం కిందికి తరుముతుంది.