గంట మోగక ముందే చెప్పాలి

ఆటిజం ఉన్న విద్యార్థికి బడిలో ఎదురయ్యే ఇబ్బందుల్లో చాలా భాగం పాఠంలో కంటే పాఠానికీ పాఠానికీ మధ్యనే ఉంటుంది. నాడీవ్యవస్థ ఎదుగుదలలో పసితనం నుంచే ఉండే ఈ భిన్నత, ఇతరులతో మాటా చూపూ కలిపే తీరును, శబ్దం, వెలుగు, స్పర్శ వంటి వాటిని తట్టుకునే తీరును మారుస్తుంది; అలవాటైన క్రమం తప్పితే భరించలేని కలవరాన్ని కలిగిస్తుంది. దీని స్వరూపం ఒక్కొక్కరిలో ఒక్కో విధంగా ఉంటుంది కనుక వైద్యులు ఆటిజం స్పెక్ట్రమ్ అని వ్యవహరిస్తారు. ఒక్క మాటైనా పలకని బాలుడూ, ఇరవయ్యో ఎక్కం దాకా ఒప్పజెప్పి తోటివారి హాస్యం మాత్రం అందుకోలేని బాలికా ఆ పరిధిలోనే ఉండవచ్చు. మార్కులు వస్తున్నంత కాలం ఆ బాలిక ఇబ్బంది ఎవరి కంటా పడకపోవచ్చు.

1943లో అమెరికాలో లియో కానర్ 11 మంది పిల్లల లక్షణాలను వర్ణించిన తరువాత, తల్లి ప్రేమ కరువై ఇది వస్తుందన్న అపవాదు దశాబ్దాల పాటు సాగింది. శాస్త్రం దాన్ని తోసిపుచ్చినా, ఫోన్ చూపించి చెడగొట్టారన్న నింద రూపంలో అది నేటికీ తల్లుల మీదే పడుతోంది. 1995 నాటి వికలాంగుల చట్టంలోని 7 వైకల్యాల్లో లేని ఆటిజం 2016 చట్టంలోని 21లో చేరింది. దాని నిర్ధారణకు దేశంలో వాడే 40 అంశాల కొలమానం సికింద్రాబాద్‌లోని జాతీయ సంస్థలో రూపొందింది. 2016 చట్టం ప్రకారం సర్కారు బడే కాదు, ప్రభుత్వ గుర్తింపు పొందిన ప్రైవేటు బడి కూడా ఇటువంటి పిల్లలను వివక్ష లేకుండా చేర్చుకోవాలి. స్పెషల్ స్కూలు చూసుకోండని గేటు దగ్గరే తల్లిదండ్రులను తిప్పి పంపడం అందువల్ల ఉచిత సలహా కాదు, చట్టోల్లంఘన.

ఆంధ్రప్రదేశ్‌లో సమగ్ర శిక్ష పథకం కింద మండలాల్లో నడిచే భవిత కేంద్రాల్లో ఐఈఆర్‌టీలు, అంటే సహిత విద్యకు నియమితులైన రిసోర్స్ టీచర్లు, ఈ పిల్లలకు శిక్షణ ఇస్తారు. ప్రత్యేక ఉపాధ్యాయుడికి ఆటిజం ఉన్న పిల్లలు ఐదుగురన్న నిష్పత్తిని 2021లో సుప్రీంకోర్టు సూచించినా, మండలమంతా తిరగవలసిన టీచరు ఏ ఒక్క బిడ్డ పక్కనా రోజంతా కూర్చోలేరు. కాబట్టి అసలు భారం తరగతి ఉపాధ్యాయుడిదే.

ఆ భారం ఖరీదైనది కాదు. ఆనాటి పనులను బొమ్మలతో వరుసగా గోడకు అంటించి, అయిపోయినదాన్ని తీసేస్తుంటే తరువాత ఏమిటన్న ఆందోళన తగ్గుతుంది. ఒకసారికి ఒకే సూచన ఇచ్చి జవాబుకు కాస్త ఆగాలి. అడిగిన ప్రశ్ననే బిడ్డ తిరిగి పలకడం వెక్కిరింత కాదు. ఎకోలాలియా అనే ఆ లక్షణం తరచుగా మాట నేర్చుకునే దారి. చెవులు మూసుకుని అరిచే బిడ్డను గద్దించడం వల్ల గొడవకు మరో గొడవ తోడవుతుందే గాని ప్రయోజనం ఉండదు; నిశ్శబ్దమైన మూలకు తీసుకెళ్లి కుదుటపడనివ్వాలి. భోజన విరామంలో పళ్లేల చప్పుడు, సాంబారు వాసన, తోపులాట ఒక్కసారిగా మీద పడతాయి. లంకల గన్నవరంలో వేళకాని వేళ వచ్చినవారికీ వండిపెట్టిన డొక్కా సీతమ్మ పేరిట బడుల్లో నడిచే మధ్యాహ్న భోజనాన్ని ఒక బిడ్డ పది నిమిషాల ముందు తింటే వచ్చే నష్టమేమీ లేదు.

గోదావరి డెల్టాలో మరో చిక్కు వరద. నది పొంగి లంక గ్రామాల బడులకు సెలవులిచ్చినప్పుడు, ఎంతో శ్రమపడి కుదిర్చిన దినచర్య చెదిరిపోతుంది. బడి తెరిచే ముందురోజే తరగతి గది ఫొటోను తల్లి ఫోన్‌కు పంపడం, గది మారితే ఆ సంగతి చెప్పడం, మొదటి రోజును ఒంటిపూటతో సరిపెట్టడం ప్రధానోపాధ్యాయుడి చేతిలోని పనులే.