మొక్కల దాహం తీర్చే మట్టికుండ

చార్మినారు నుండి పడమరగా నడిస్తే లాడ్ బజార్ వస్తుంది. అక్కడ అద్దపు ముక్కలు, రంగురాళ్ళు పొదిగిన లక్క గాజులు మెరుస్తూ కనిపిస్తాయి. కొమ్మలపై లక్క పురుగులు స్రవించే జిగురే ఈ లక్క. దీనిలోనికి నీరు ఇంకదు.

ఇప్పుడు మీ ఇంట్లో మంచినీళ్ళ కుండను తాకి చూడండి. బయట చెమ్మగా ఉంది గదా! కాల్చిన మట్టిలో కంటికి కనిపించని సన్నని రంధ్రాలుంటాయి. నీరు వాటిగుండా పైకి ఊరి, ఆవిరవుతూ కుండను చల్లబరుస్తుంది. ఈ గుణమే కరువులో మీ మొక్కను బ్రతికించగలదు.

నగరానికి కరువేమిటి అనుకోకండి. 1908లో మూసీ వరద హైదరాబాదును ముంచెత్తింది. ఆ తరువాత వరదను అదుపు చేయడానికీ, తాగునీటికీ ఉస్మాన్ సాగర్ (1920), హిమాయత్ సాగర్ (1927) కట్టారు. అంతటి జలాశయాలే 2016 వేసవిలో ఎండిపోయాయి. అటువంటి రోజుల్లో నల్లా నీరు వంటకు చాలితే చాలు. ముంగిట్లోని మల్లెతీగకు చెంబెడు పోయాలన్నా అమ్మ వెనుకాడుతుంది.

పైన పోసిన నీటిలో కొంత ఎండకు ఆవిరైపోతుంది. కొంత వేళ్ళకు అందనంత లోతుకు దిగిపోతుంది. అందుచేత ఇలా చేయండి.

రంగు వేయని, పగుళ్ళు లేని చిన్న మట్టికుండను మొక్కకు జానెడు దూరంలో మెడదాకా పాతండి. వేళ్ళు తెగకుండా జాగ్రత్తగా తవ్వాలి. కుండ నిండా నీరు పోసి మూత పెట్టండి. మూత ఉంటే నీరు ఆవిరి కాదు, దోమలూ చేరవు. చుట్టూ ఎండుటాకులు పరచండి.

మట్టి ఎండినప్పుడు కుండనుండి ఎక్కువ నీటిని లాగుకుంటుంది. తడిగా ఉంటే తక్కువ. అంటే మొక్క తాగినంతే కుండ ఇస్తుంది! చైనాలో 2,000 సంవత్సరాల క్రితమే రైతులకు ఈ ఉపాయం తెలుసు.

ఒక హెచ్చరిక. బియ్యం కడిగిన నీళ్ళు, సబ్బు నీళ్ళు కుండలో పోయరాదు. రంధ్రాలు పూడుకుపోతాయి.

ఒకే ఎత్తు మిరప మొక్కలు రెండు తీసుకోండి. ఒకదానికి కుండ పాతండి, రెండవదానికి మామూలుగా నీరు పోయండి. రోజూ ఎన్ని గ్లాసులు పోశారో నోటుబుక్కులో వ్రాయండి. నెల తరువాత రెండు లెక్కలూ కూడి అమ్మకు చూపించండి. మల్లెతీగ వాటా ఎంతో అప్పుడు ఇద్దరూ కలిసి నిర్ణయించవచ్చును.