మందు, కొవ్వు, కండ

మద్యంలోని ఇథనాల్ గ్రాముకు 7 కేలరీలు ఇస్తుంది. పిండిపదార్థాలూ మాంసకృత్తులూ ఇచ్చేది 4, కొవ్వు ఇచ్చేది 9. 42.8 శాతం ఆల్కహాల్ ఉన్న విస్కీ క్వార్టర్‌లో, అంటే 180 మిల్లీలీటర్లలో, సుమారు 61 గ్రాముల ఇథనాల్ ఉంటుంది. దాని నుంచి వచ్చేవి 425 కేలరీల పైచిలుకు. వండిన అన్నం 300 గ్రాములు దాటి తింటే గానీ అన్ని రావు.

రైసు మిల్లుల ఊరు మండపేటలోనైనా, ఇంకెక్కడైనా, బరువు తగ్గాలనుకున్నవాళ్లు ముందు మానేసేది రాత్రి అన్నమే. పెగ్గు మాత్రం ఆగదు. ‘అన్నం తినట్లేదుగా’ అన్న ధీమా ఒకటి. కేలరీల లెక్క సరిపోయినట్టే ఉంటుంది కానీ ఒంటి లెక్క వేరు.

మద్యాన్ని దాచుకునే చోటు శరీరంలో లేదు. అందుకే కాలేయం మిగతా పనులు పక్కనపెట్టి దాన్ని ఎసిటాల్డిహైడ్‌గా, ఆపైన ఎసిటేట్‌గా మారుస్తుంది. గంటకు వదిలేది దాదాపు 7 నుంచి 10 గ్రాములే. ఒక్క క్వార్టర్‌కు ఆరు నుంచి తొమ్మిది గంటలు పడుతుంది. ఆ సేపంతా కొవ్వు కరగడం బాగా మందగిస్తుంది. మద్యం తానుగా కొవ్వుగా మారేది కొంచెమే. పక్కన పెట్టుకున్న చికెన్ పకోడీ, వేయించిన వేరుశెనగ గుళ్లలోని నూనె మాత్రం ఖర్చు కాక పొట్ట చుట్టూ చేరుతుంది. అసలు దోషి చాలాసార్లు మంచింగే.

కల్లు తేలిక అనే నమ్మకం కోనసీమలో గట్టిది. చెట్టు నుంచి దించిన తాజా నీరా తియ్యగా ఉంటుంది. ఈస్టు పనిచేసిన కొద్దీ అందులోని చక్కెర ఆల్కహాల్ అవుతుంది. పులిసిన కల్లులో అది 5 శాతం ఉందనుకుంటే, లీటరు తాగినవారికి 39 గ్రాముల ఇథనాల్ అందినట్టే. 8 శాతం స్ట్రాంగ్ బీరు పెద్ద సీసాలో ఉండేదీ దాదాపు అంతే.

కండ విషయంలో 2014లో వెలువడిన ఒక ఆస్ట్రేలియా అధ్యయనం గమనించదగ్గది. కసరత్తు తర్వాత ప్రోటీన్ తీసుకున్నా, దానితోపాటు బరువులో కిలోకు 1.5 గ్రాముల ఆల్కహాల్ తాగినవారిలో కండర ప్రోటీన్ తయారీ 24 శాతం తగ్గింది. పాల్గొన్నది ఎనిమిది మందే, తాగించింది భారీ మోతాదు. ఒక పెగ్గుకు ఈ అంకె వర్తించదు. జిమ్ నుంచి వచ్చి నాలుగు గుడ్లు తిని, ఆపైన సీసా ఖాళీ చేసేవారికి మాత్రం సరిగ్గా సరిపోతుంది. దీనికి తోడు మద్యం మూత్రాన్ని పెంచి ఒంట్లో నీరు తగ్గిస్తుంది, నిద్రను తెల్లవారుజామున చెడగొడుతుంది. మర్నాడు బరువులెత్తడం కష్టమయ్యేది అందుకే.

అన్నం మానేసి తాగడంలో అన్నిటికన్నా పెద్ద ప్రమాదం ఇన్సులిన్ గానీ, గ్లిమెపిరైడ్ లాంటి షుగర్ మాత్రలు గానీ వాడేవారికి. మద్యం పనిలో పడ్డ కాలేయం కొత్తగా గ్లూకోజు తయారుచేయడం తగ్గిస్తుంది, కడుపులో తిండీ లేదు. అర్ధరాత్రి చక్కెర పడిపోయి చెమటలు, తడబాటు, మగత వస్తే ఇంట్లోవాళ్లు మత్తేననుకుని పడుకోనిస్తారు.